నాజిల్సని చెప్పిందెవడు

నాకు ముక్కుమీద కోపం. చప్పుడు విని ఇంజన్ రోగం చెప్పేస్తానన్న పొగరు దానికి తోడు. సోమవారం ఒక పాత డీజిల్ వ్యాను షెడ్డుకొచ్చింది. నల్లపొగ, పికప్ లేదు, నిలబెడితే ఒకటే వణుకు. తెచ్చినవాడు బండి వదిలి వెళ్లగానే "డీజిల్ చిమ్మే నాజిల్స్ పోయాయి" అని తేల్చేశాను.

"ఈజీఆర్ వాల్వ్ ఒకసారి ఊడదీసి చూద్దాం బావా. అది మూసుకోక పొగంతా మళ్లీ ఇంజన్లోకే పోతోందేమో," అన్నాడు నా బావమరిది. ఆరేళ్లుగా నా దగ్గరే పని చేస్తున్నాడు.

"నాకే పాఠాలు చెప్తావురా," అని చెంప ఛెళ్లుమనిపించాను. వాడు నాజిల్స్ విప్పి, కడిగి, బిగించాడు. సాయంత్రం బండి తెచ్చినవాడికి నాజిల్స్ బాగుచేశామని చెప్పి తాళాలు కూడా వాడే ఇచ్చి పంపాడు.

గురువారం మధ్యాహ్నం అదే వ్యానును ఒక ట్రాక్టరు తాడుకట్టి షెడ్డులోకి లాక్కొచ్చి వదిలిపోయింది. డ్రైవరు వైపు తలుపు లోపలికి నొక్కుకుపోయింది. సీటు మీద రక్తం ఎండి ఉంది. రెండో వైపు నుంచి ఇనుప రాడ్డుతో దిగిన వ్యాను ఓనరు ముందు షట్టరు దించాడు.

"ఎత్తు ఎక్కుతూ లారీని దాటబోతే బండి అందుకోలేదు. ఎదురొచ్చిన బస్సు గుద్దేసింది. నీ దగ్గరికి బండి తెచ్చిన మా తమ్ముడికి మోకాలి కింద కాలు తీసేశారు," అన్నాడు. అరవలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

మొదటి దెబ్బ బావమరిది మోకాలి మీద పడింది. అడ్డం వెళితే రెండోది నా పక్కటెముకల మీద పడింది, ఊపిరాడలేదు. నేను లేచేసరికి వాడి కుడిచెయ్యి బల్ల మీద ఇనుప ముక్కల్ని బిగించే వైసులో ఉంది. ఓనరు దాని పిడి పట్టుకుని నిలబడ్డాడు.

"తాళాలిచ్చింది సన్నగా ఉన్నోడని తమ్ముడు చెప్పాడు. రోగమేంటో ఇప్పుడు నా కళ్ల ముందు తేల్చు. షట్టరు వైపు కదిలితే వీడి చెయ్యి పిండైపోద్ది," అన్నాడు నాతో.

చెయ్యి పోతే మెకానిక్కు ఇంకేం మిగులుతుంది? ఇంజనుకు దెబ్బ తగల్లేదు. స్టార్ట్ చేశాను. వణికింది. గాలి పీల్చి ఈజీఆర్ వాల్వును తెరిచే వాక్యూమ్ పైపు లాగేశాను. వాల్వ్ బాగుంటే అది మూసుకుని వణుకు ఆగాలి. ఆగలేదు. ఆపి, బోల్టులు విప్పి వాల్వ్ బయటికి తీశాను. మూతకూ అది ఆనే అంచుకూ మధ్య చిక్కుడు గింజంత మసి గడ్డ ఇరుక్కుని ఉంది. మూత పూర్తిగా మూసుకోవడం లేదు.

"ఎంతసేపు?" అంటూ ఓనరు పిడి పావు తిప్పు తిప్పాడు. బావమరిది పళ్లు బిగబట్టి మూలిగాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం బల్ల మీదికి కారింది.

ఆయిల్ డబ్బా రేకు కత్తిరించి వాల్వ్ ఉండే చోట అడ్డంపెట్టి బిగించాను. మళ్లీ స్టార్ట్ చేశాను. వణుకు పోయింది. రేజ్ చేస్తే ఇంజన్ ఎగిరిపడి అందుకుంది, నల్లపొగ లేదు. అంత మంచి చప్పుడు విని నా జన్మలో ఎప్పుడూ అంత సిగ్గుపడలేదు.

"ఇంత చిన్న పనా?" అన్నాడు ఓనరు. "మరి నాజిల్సని చెప్పిందెవడు?"

బావమరిది నా వైపు చూశాడు. ఆ మాట వాడి మీదికి నెట్టేయాలని నాకు అనిపించింది. నిజం చెబుతున్నాను, అనిపించింది.

"నేనే. వీడు వాల్వ్ చూద్దామన్నాడు. కొట్టి నోరు మూయించాను."

ఓనరు వైసు వదులు చేశాడు. బావమరిది చెయ్యి బయటికి లాక్కున్నాడు, రెండు వేళ్లు నలిగిపోయాయి. ఓనరు నా మెడ పట్టి, నా కుడిచెయ్యి అందులో పెట్టి, రాడ్డు నా తలకి ఆనించాడు.

"నువ్వే తిప్పు," అన్నాడు వాడితో. "ఒక్క తిప్పు చాలు."

బావమరిది ఎడమచెయ్యి పిడి మీద వేశాడు. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అక్కకేం చెప్పను బావా?"

"ఇంజన్ జారి పడిందని చెప్పు," అన్నాను.

వాడు రెండు తిప్పులు తిప్పాడు.