పేర్లు రాయని పుస్తకం

సాల్వడోర్ నగరంలో, విశ్వవిద్యాలయం మూడో అంతస్తులో, జుస్సారా డాక్టరేట్ పరీక్ష మధ్యాహ్నం రెండింటికి. ఎవరైనా వచ్చి వినవచ్చు. చర్చిలో బాప్తిస్మమప్పుడు ఆమెను ఎత్తుకున్న జ్ఞానతల్లి జుల్మీరా ఒంటిగంటకే వచ్చి చివరి వరుసలో కూర్చుంది. అరవై రెండేళ్ళ మనిషి. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఒకే ఇంట్లో పనిచేసింది. "నీ ఆలోచన నీదేనని అక్కడ చెప్తాను, దిందా" అని జుస్సారా మాటిచ్చింది. జ్ఞానతల్లిని దిందా అనే పిలుస్తుంది. అది వినడానికే వచ్చింది.

ఆ ఆలోచన పుట్టింది ఇంటిపనివాళ్ళ సంఘంలో, గురువారం సాయంత్రాలు జరిగే కూటంలో. "మా అమ్మగారికి ఉప్పు ఎక్కడుందో తెలిసేది కాదు. తెలీకుండా బతకడానికే నాకు జీతమిచ్చేది" అంది జుల్మీరా ఒకరోజు. పదకొండుమంది ఆడవాళ్ళు దాని మీద మూడు వారాలు వాదించుకున్నారు. తెలియకపోవడం పేదవాళ్ళకు లోటు, ఉన్నవాళ్ళకు సౌకర్యం అని చివరికి తేల్చారు. కూటం పుస్తకంలో అదంతా రాసింది జుస్సారాయే. ఆ పుస్తకంలో ఎవరి పేరూ రాయరు. వద్దన్నది జుల్మీరా.

పరీక్ష మొదలయ్యాక తెర మీద ఉప్పు మాట వచ్చింది. దాని కింద "ఇంటిపనిమనిషి, 62" అని ఉంది.

పరీక్షకుల్లో ఒకాయన అడిగాడు. "తెలియకపోవడం ఒక సౌకర్యం అన్న సిద్ధాంతం ఎవరిది? ఈవిడదా, మీదా?"

జుస్సారా చివరి వరుస వైపు చూసింది. "నాదేనండి. అనుభవం వాళ్ళది. ఆలోచన నాది."

నిర్ణయం తీసుకోవడానికి అందరినీ బయటికి పంపారు. వసారాలో జుల్మీరా జుస్సారా మోచెయ్యి పట్టుకుంది.

"ముప్ఫై ఎనిమిదేళ్ళూ నా బుర్ర గుమ్మం బయట విడిచి లోపలికెళ్ళాననుకున్నావటే?"

"మెల్లగా, దిందా. పేర్లు పెట్టకూడదని ఇక్కడ నియమం. నీ రక్షణకే."

"ఎవర్నుంచి? అమ్మగారు పోయి ఆరేళ్ళయింది. లేచొచ్చి పనిలోంచి తీసేస్తుందా?"

జుస్సారా నవ్వబోయి ఆగింది. "మన పుస్తకంలోనూ నీ పేరు లేదు కదా. నువ్వే వద్దన్నావు."

"అందరిదీ అని వద్దన్నాను. ఎవరిదీ కాదని కాదు."

"కూటానిదని చెప్తే, ఇందులో నువ్వు చేసిందేమిటంటారు వీళ్ళు. నాలుగేళ్ళు చదివాను."

"అడిగితే ఇచ్చేదాన్నే. నా వంక చూసి మరీ నాదే అన్నావు."

తలుపు తెరిచి పిలిచారు. ఫలితం చదివేటప్పుడు గదిలో అందరూ నిలబడాలి. నిలబడ్డారు. జుల్మీరా ఒక్కతే తన కుర్చీలో, చేతులు కట్టుకుని, ఎదురుగా చూస్తూ కూర్చుంది. జుస్సారా అత్యున్నత స్థాయిలో ఉత్తీర్ణురాలైందని పరీక్షకుల అధ్యక్షుడు చదివాడు. కాగితం మీంచి తలెత్తి చివరి వరుస చూశాడు.

"పెద్దావిడకి నీరసంగా ఉన్నట్టుంది. ఎవరైనా నీళ్ళివ్వండి."

నీరసం కాదని ఆ గదిలో ఇంకొక్కరికే తెలుసు. ఆమె బల్ల మీది నీళ్ళ సీసా తీసుకుని, వరుసలు దాటుకుంటూ వచ్చింది.

"కాస్త తాగు, దిందా. ఓపిక వస్తుంది" అంది జుస్సారా, అందరికీ వినపడేటట్టు.