ఆయన పేరుతో చదివిన చదువు

ఆ శనివారం సాయంత్రం కుప్పం నుంచి తిరిగొచ్చి, పెరట్లో చీర మీది దుమ్ము దులుపుకుంటుంటే మద్రాసు నుంచి టెలిగ్రాం వచ్చింది. మా ఆయన ప్రసాదరావు విషజ్వరంతో పోయారు. అక్కడ ఆయన చదువుతున్న జర్నలిజం డిప్లొమా పరీక్షకు ఇంకా ఆరు వారాలుంది. ఆయన క్లాసులో ఇవ్వవలసిన వ్యాసం చిత్తు అప్పటికి నా చేతిసంచిలో ఉంది. రాసింది నేను.

మదనపల్లెలో నేను మిషన్ బళ్ళో టీచరును. ఆయన అక్కడే గుమాస్తా. ఇద్దరం బి.ఏ. చదివినవాళ్ళమే. పెళ్ళయిన కొత్తలో పుంగనూరు సంత గురించి నేనొక వ్యాసం రాస్తే, ఆయన చదివి మురిసిపోయి, మద్రాసులోని ఒక వారపత్రికకు తన పేరుతో పంపారు. "నా పేరయితే నీది కాదా, విమలా? ఆడమనిషి పేరు పేపర్లో పడితే చర్చి సంఘంలో నలుగురూ నాలుగు మాటలంటారు" అన్నారు. అచ్చయిన రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా వాక్యాలు నాకే చదివి వినిపించారు. ఆ గొంతులో అవి నేను రాసినదానికంటే బాగున్నట్టు తోచింది. ఏడేళ్ళలో అలాంటివి పద్నాలుగు అచ్చయ్యాయి.

నలభై ఏడులో మద్రాసు యూనివర్సిటీలో ఈ చదువు పెడుతున్నారని తెలిసి దరఖాస్తు తెప్పించుకున్నది నేనే. అచ్చయిన రచనలు జతచేస్తే మంచిదన్నారు. కత్తిరించి దాచినవన్నీ బల్ల మీద పరిచాను. ఒక్కదాని కింద కూడా నా పేరు లేదు. ఆయన కాసేపు వాటినే చూసి, "పోనీ, నేను వెళ్తాను" అన్నారు. మా అత్త సంతోషమ్మకు ఆ మాట సబబుగా తోచింది. "మొగోడు సదవతాండాడు గదా, ఇంగ నీకు యాలమ్మా ఆ సదువు? ఇల్లు సూసుకో" అంది.

ఇల్లూ చూసుకున్నాను, చదువూ చదువుకున్నాను. ప్రతి గురువారం ఆయన దగ్గర నుంచి కవరు వచ్చేది. అందులో క్లాసులో రాసుకున్న నోట్సు, వారం లోపల జవాబు రాయవలసిన ప్రశ్న. బడి వదిలాక ఖాళీ గదిలో కూర్చుని చదివేదాన్ని. మనిషి చెప్పింది రాసుకునే ముందు ఆ మనిషి పేరు అడగాలని మొదటి పాఠం. నేను తెలుగులో రాసి పంపితే ఆయన ఇంగ్లీషు చేసి ఇచ్చేవారు. ఒకసారి ఉత్తరంలో "మనకు అరవై ఎనిమిది మార్కులు" అని రాశారు. ఆ 'మనకు' చూసుకుని రెండు రోజులు నాలో నేనే నవ్వుకుంటూ తిరిగాను. నా జర్నలిజం కాలేజీ ఆ పది నెలలే. ఇప్పటికీ గురువారం వస్తే చూపు వీధి గుమ్మం మీదికి పోతుంది.

చివరి ప్రశ్న, కూలి కోసం ఊరు వదిలినవాళ్ళ గురించి. కుప్పంలో తిమ్మక్క అనే ఆవిడ భర్త కోలారు బంగారు గనిలో పనిచేస్తాడు. ఆవిడ వేరుశనక్కాయలు వలుస్తూ నన్ను ఎగాదిగా చూసింది.

"ఇది పేపర్లో ఏస్తారామ్మా? నీ పేరుతోనా?"

"మా ఆయన పేరుతో."

"అట్లయితే ఆయప్పనే రమ్మను. ఈడ కూసోని కాయలు వల్సమను. అప్పుడు సెప్తా!" అని పకపకా నవ్వింది. ఆ తర్వాత మూడు గంటలు చెప్పింది.

ఆయన్ను మద్రాసులోనే సమాధి చేశాం. నెల తిరక్కముందే పత్రిక ఎడిటరు గారు ఉత్తరం రాశారు. మీవారి చివరి వ్యాసమేదైనా ఉంటే పంపండి, ఫొటోతో వేస్తాం అని. చదివి వినిపిస్తే అత్త నా చెయ్యి పట్టుకుంది. "పంపించమ్మా. నాకు సదవను వచ్చేది వాడి పేరొక్కటే. ఇంగొక్కసారి అచ్చులో సూసుకుంటా."

మూడు రోజులు ఆ కాగితాలు ముట్టుకోలేదు. నా పేరు పెడితే, పోయిన మనిషిని నలుగురిలో దొంగను చేసినట్టు. ఆయన పేరు పెడితే, ఇది పదిహేనోది. నాలుగో రోజు ఎడిటరు గారికి రాశాను. పద్నాలుగూ నావేనని, వాటిని నాకంటే ప్రేమగా చదివిన మనిషి ఆయనేనని రాశాను. వ్యాసం కింద విమల అని రాసి, నిన్న పోస్టు చేశాను.

అత్తకు ఇంకా చెప్పలేదు.