చొప్పలో మనుషులున్నారు

కాలిన చేతులకు బేడీలు ఎక్కడ వేయాలో తెలియక కానిస్టేబులు కాసేపు తడబడ్డాడు. వేళ్ల నుంచి మణికట్టు దాటేదాకా గుడ్డ కట్టు. చివరికి మోచేతుల దగ్గర తాడు బిగించి జీపెక్కించాడు.

“మొక్కజొన్న చొప్ప తగలబెట్టడం నేరమని తెలీదా?” గద్దించాడు ఎస్సై.

అతను కట్లు కట్టిన చేతులకేసి చూసుకున్నాడు. మొన్న ఆ మండే చొప్పలోంచే పెళ్లాన్ని ఈ చేతులతో లాక్కొచ్చాడు. అప్పటికే ఆమె ప్రాణం పోయింది.

డబ్బా వదిన జీపు వెనక కొంతదూరం పరుగెత్తి ఆగిపోయింది. అతను ఆమె మరిది. కాలిపోయింది తోడికోడలు. పేరుకే తోడికోడలు, ఒకే కంచంలో తిన్న చెల్లెలు.

కంకులు విరిచాక ఎండిన చొప్ప పొలంలో మనిషిని మించి నిలబడి ఉంటుంది. మధ్యాహ్నం కూలీలకు అదే నీడ. అందుకే నిప్పు పెట్టేముందు ఒకరు సాళ్ల వెంట రేకు డబ్బా కొడుతూ తిరుగుతారు. కునుకు తీసేవాళ్లు లేచి బయటపడతారు. డబ్బా కొట్టినవాళ్లు గట్టెక్కి “అందరూ వచ్చేశారు” అని కేకేశాకే అగ్గిపుల్ల గీయాలి. ఏళ్లుగా ఆ పని ఆమెదే. పేరూ అలా వచ్చిందే.

ఆ రోజు చెల్లెలికి జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. సెలవడిగితే, “జ్వరం నీకు గానీ పనికి కాదుగా!” అని మేస్త్రీ వెక్కిరించాడు. ఎవరూ చూడకుండా చొప్పలో దూరి పడుకుంది పాపం. గట్టు మీద ట్రాక్టరు కాచుకుని ఉంది. దుక్కి ఆలస్యమవుతోందని ఆసామి ఫోను మీద ఫోను. చొప్పను ముక్కలు చేసి మట్టిలో కలిపే యంత్రం ఆసామి షెడ్డులోనే ఉంది. డీజిలు దండగని బయటికి తీయడు. అగ్గిపుల్లయితే చవక.

సాలు మధ్యలో డబ్బా వదిన చెప్పు తెగింది. వంగి పురికొసతో ముడేసుకుంది. ఆ కాసేపు డబ్బా మోగలేదు. తలెత్తేసరికి గాలివాటున మంట లేచింది.

ఆ సాయంత్రమే మేస్త్రీ గుమ్మంలోకొచ్చాడు. “డబ్బా ఆపింది నువ్వు. నోరు విప్పావా, తోడికోడల్ని పొట్టన పెట్టుకున్నదానివి నువ్వే అవుతావు. నిప్పు పెట్టింది నీ మరిదని పోలీసులకు చెప్పాం. తర్వాత ఆసామి చూసుకుంటాడులే.”

ఆమె ఆ మాట కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు.

మరిదిని తీసుకెళ్లిన మర్నాడు గింజలు ఆరబోసే షెడ్డులో ప్రభుత్వ అధికారి మీటింగు పెట్టాడు. చొప్ప కాలిస్తే లేచే వాయువులు వేడిని పట్టి ఉంచుతాయని, వానలు అదను తప్పుతాయని, ఎక్కడ మంట లేచినా పైనుంచి ఉపగ్రహం చూస్తుందని చెప్పాడు. మెత్తటి మనిషే. చెప్పిందీ అబద్ధం కాదు.

“పొగ సంగతి మాకు చెప్తారేంటి బాబూ? మా దగ్గుని అడగండి!” అన్నాడు పెద్దయ్య. “ఆ ఉపగ్రహానికి చూపు బానే ఉంది. మా ఆసామి మేడే ఆనదు కాబోలు!”

నవ్వబోయి, మేస్త్రీని చూసి అందరూ తలలు దించుకున్నారు.

మేస్త్రీ చేతులు కట్టుకుని, “వీళ్లది ఒళ్లు బద్ధకం సార్. కోయమంటే కాలుస్తారు,” అన్నాడు.

డబ్బా వదిన లేచి నిలబడింది.

“నిప్పు పెట్టింది మా మరిది కాదు, ఈ మేస్త్రీ. పెట్టమంది ఆసామి. నేను లోపలుండగానే అంటించాడు. కానీ... డబ్బా ఆపాను. చెప్పు తెగితే ఆగాను. ఆగకపోయుంటే మా చెల్లి...”

మాట పూర్తికాలేదు. ఏనాడూ ఆమెతో పొసగని పొరుగింటి గయ్యాళత్త చీర కుచ్చిళ్లు దోపుకుని లేచింది.

“నువ్వు ఆగావే. చెప్పు తెగితే ఎవరైనా ఆగుతారు. వాడెందుకు ఆగలేదు? నువ్వు గట్టెక్కి కేకేశావా? లేదుగా! మరి వాడెవడి కేక విన్నాడు?”

“ఆసామి కేక!” అన్నారెవరో వెనకనుంచి.

షెడ్డంతా ఒక్కసారి లేచింది. మేస్త్రీ సందు చూసుకుని జారుకున్నాడు.

“మంట ఎక్కడ లేచిందో చెప్పడం వరకే నా పనమ్మా,” అన్నాడు అధికారి.

“మంట కనబడింది కదా బాబూ. మా చెల్లి కనబడలేదా?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఇక ఈ చేతులతో చొప్ప కాల్చం,” అంది గయ్యాళత్త. “యంత్రం బయటికి రావాలి. పిల్లాడు ఇంటికి రావాలి. చంపినోళ్ల మీద కేసు పడాలి.”

“మనం మానేస్తే పక్కూరోళ్లని దింపుతాడు,” అన్నాడు ట్రాక్టరు డ్రైవరు.

“దింపనీ. వాళ్లకి మాత్రం చెల్లెళ్లుండరా? కూర్చోబెట్టి చెబుదాం.”

ఆసామిదే ఇంకో పొలం చెక్కలో చొప్ప ఇంకా నిలబడే ఉంది. అటే నడిచారంతా. ముసలీ ముతకా, చంకన పిల్లలతో తల్లులు చొప్పలోకి దూరి సాళ్లలో కూర్చున్నారు. మేస్త్రీ కాగడా పట్టుకుని గట్టు మీద చిందులేశాడు.

“బయటికి రండి!”

“మనుషులం ఉన్నాం. అంటించు చూద్దాం!”

లోపల ఎండాకుల గలగలలో పక్కమనిషి మాటే సరిగ్గా వినబడటం లేదు. డబ్బా వదినకు అప్పుడు తట్టింది. ఆ జ్వరంలో, ఈ చప్పుడులో, డబ్బా మోగినా చెల్లెలికి వినిపించేదా? ఏమో. ఆ సంగతి ఇక ఎన్నటికీ తెలియదు. గయ్యాళత్త ఒళ్లో తలపెట్టి, చెల్లెలు పోయాక మొదటిసారి బావురుమని ఏడ్చింది.

పోలీసు జీపు వచ్చింది. రెచ్చగొట్టింది ఈవిడేనని మేస్త్రీ చూపించాడు. రెక్క పట్టి గట్టు మీదికి ఈడ్చారు.

“వాళ్లని బయటికి రమ్మను. నిన్నూ నీ మరిదినీ సాయంత్రానికల్లా ఇంటికి పంపిస్తా,” అన్నాడు ఎస్సై.

కట్లు కట్టిన ఆ చేతులు కళ్లముందు మెదిలాయి. చొప్పలోంచి మనుషుల్ని పిలవడమే ఇన్నేళ్లూ ఆమె పని. పొలం వైపు చూసింది.

“పిలవను,” అంది.

ఆమెను ఎక్కించుకుని జీపు కదిలింది. పక్కూరి కూలీలు ఆటో దిగి గట్టు మీద నిలబడ్డారు. పెద్దయ్య వాళ్లకు చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. ఒకామె నెత్తి మీది సద్దిమూట దించి, ఆకులు పక్కకు తోసుకుంటూ చొప్పలోకి నడిచింది. ఆమె వెనక ఇంకొకామె.