ఒకవైపు చీట్లు

డల్సీ బోనెట్టి జపనీస్ నేర్చుకుంటోందని తెలిసిన రోజు ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ రేవులో నవ్వనివాడు లేడు. పందొమ్మిదేళ్లుగా పర్యాటకులను పగడపు దిబ్బలకు తీసుకెళ్లే పడవలో వంట చేస్తున్న యాభై రెండేళ్ల మనిషి, చేపముక్కలు నూనెలో వేసి అవి వేగేలోపు ఫోనులో చీట్లు తిప్పుతుంటే నవ్వు రాదా మరి! నవ్విన వాళ్లలో ఒక్కడికీ ఇంకో భాషలో మంచినీళ్లు అడగడం రాదు. అది వేరే సంగతి.

ఇదంతా మేనేజర్ రస్ వల్ల మొదలైంది. రెండున్నరేళ్ల కిందట డల్సీ అతని దగ్గరికి వెళ్లి, తనను పైన డెక్కు మీద గైడుగా వేయమని అడిగింది. ఏ దిబ్బ దగ్గర తాబేళ్లు తిరుగుతాయో, ఏ గాలికి నీళ్లు మసకబారతాయో ఆమెకు తెలిసినంత ఆ పడవలో ఎవరికీ తెలియదు. తెలిసి ఏం లాభం? పొద్దున్నుంచి సాయంత్రం దాకా కింద వంటగదిలోనే. సముద్రం మధ్యలో ఉంటూ సముద్రం చూడని బతుకు.

"వచ్చేది ఎక్కువగా జపాన్ వాళ్లు, మా గైడ్లకి జపనీస్ రావాలి డల్సీ," అన్నాడు రస్. "నీకు వచ్చిందల్లా గరిటె తిప్పడం. ఎవరి పని వాళ్లు చేసుకుంటే పడవ తిన్నగా పోతుంది."

ఆమెకు ఒళ్లు మండింది. ఇంటికి వెళ్లీ వెళ్లగానే ఫోనులో చీట్ల యాప్ ఎక్కించుకుంది.

రోజుకు ఐదు కొత్త మాటలు, రెండొందల పాతవి. చీటీ ముందువైపు జపనీస్ మాట, వెనకవైపు దాని అర్థం. తెలిస్తే 'వచ్చు' అని నొక్కాలి, తెలియకపోతే 'మళ్లీ'. ఒక్కరోజు మానేస్తే మర్నాటికి గుట్ట పడుతుంది. జ్వరం వచ్చిందన్నా ఊరుకోదు. వ్యాకరణానికి ఎవరో పుణ్యాత్ముడు నెట్‌లో ఉచితంగా పెట్టిన పాఠాలు, చెవికి జపాన్ రేడియోలో వాతావరణ వార్తలు. గురువు లేడు, తరగతి లేదు. తనను తాను మోసం చేసుకోకూడదన్నది ఒక్కటే నియమం. రాని మాటకు 'వచ్చు' అని ఆమె ఒక్కసారీ నొక్కలేదు. అలా నాలుగు వేల చీట్లు పూర్తిచేసింది.

"ఆంటీ, ఆ ఫోను అరిగిపోతుంది. కాస్త ఊపిరి పీల్చుకోనీ," అనేవాడు డెక్కు మీద పనిచేసే ఎజ్రా.

"నువ్వు తాళ్లు సరిగ్గా కట్టుకోరా ముందు," అనేది డల్సీ.

ఈ జూన్‌లో జపనీస్ గైడు పెళ్లి చేసుకుని పెర్త్ వెళ్లిపోయింది. సరిగ్గా ఆ వారమే జపాన్ నుంచి ముప్పై మంది పెద్దవాళ్ల గుంపు దిగింది. రస్‌కు వేరే దారి లేకపోయింది.

"నీళ్లలో దిగేముందు చెప్పే జాగ్రత్తలు, పది నిమిషాలు," అన్నాడు. "చెప్పావా, పోస్టు నీది. చెప్పలేకపోయావా, ఇక జన్మలో నా దగ్గర జపనీస్ ఊసెత్తకూడదు."

"ఎత్తను," అంది డల్సీ. తాడో పేడో తేల్చుకోవడానికి రెండున్నరేళ్లుగా కాచుకుని ఉంది.

గురువారం పొద్దున పడవ దిబ్బ దగ్గర ఆగింది. డల్సీ ఎజ్రాను పొయ్యి దగ్గర నిలబెట్టి పైకొచ్చింది. ముప్పై ముఖాలు ఆమె వైపు తిరిగాయి. మైకు పట్టుకుని నోరు తెరిచింది.

నాలుగు వేల మాటల్లో ఒక్కటీ రాలేదు. ఎలా వస్తుంది? ఆమె చీట్లన్నీ ఒకటే వైపు. జపనీస్ మాట కనబడితే అర్థం చప్పున తడుతుంది. కానీ మనసులో ఉన్నదాన్ని జపనీస్ మాటగా బయటికి తేవడం ఆమె ఒక్కరోజూ చేయలేదు. చీట్లతో ఒంటరిగా కుస్తీ పట్టేవాళ్లు చేసే తప్పే ఇది. తరగతిలో కూర్చున్నవాడిచేత పంతులు మొదటిరోజే నోరు తెరిపిస్తాడు. డల్సీ నోరు ఎవరు తెరిపిస్తారు?

'స్వాగతం' అన్న ఒక్క మాట పెగిలింది. అంతే. రస్ వచ్చి మైకు లాక్కున్నాడు.

"చాల్లే. కిందికెళ్లి నీ పొయ్యి చూసుకో," అన్నాడు అందరి ముందూ. జాగ్రత్తలు తన ఫోనులోని అనువాద యంత్రంతో చెప్పిస్తానని, దాన్ని వెతుక్కుంటూ నిలబడ్డాడు.

డల్సీ చెవులు సిగ్గుతో కాలిపోయాయి. మెట్ల వైపు నడిచింది. అక్కడే వరస చివర కూర్చున్న ముసలాయన భార్యతో గొణుగుతున్నాడు. చొక్కా మీద 'తొకునాగ' అని పేరు అంటించి ఉంది.

"నువ్వు ఊరుకో. గుండెకు మందు వాడుతున్నానని ఆ ఆరోగ్య కాగితంలో రాస్తే ఆ గులాబీ చొక్కా తొడుగుతారు. గుంపంతా నన్నే చూస్తుంది. అందుకే లేదని రాశా."

"నీళ్లలో ఏమైనా అయితే?"

"ఏమీ కాదులే."

డల్సీ ఆగిపోయింది. ఒక్క మాట కూడా పొల్లు పోకుండా అర్థమైంది. గుండెజబ్బు ఉన్నవాళ్లు గులాబీ రంగు తేలే చొక్కా వేసుకుని, పక్కన తోడు ఉంటేనే నీళ్లలో దిగాలన్నది ఆ పడవ నియమం.

"రస్, ఆయన గుండెకు మందులు వాడుతున్నాడు."

"కాగితంలో లేదని ఉంది. కస్టమర్లను కెలక్కు. కిందికి పో."

"పోను."

పందొమ్మిదేళ్లలో అతనితో ఆమె ఆ మాట అనడం అదే మొదలు. తిన్నగా వెళ్లి ముసలాయన ముందు నిలబడింది. ఈసారి మాటలు వెతుక్కోలేదు. ఆయన అన్న మాటలే చెవిలో గింగురుమంటున్నాయి. వాటినే ఆయనకు తిప్పికొట్టింది.

"మీరు. గుండె. మందు. నేను విన్నాను."

ముసలాయన ముఖం ఎర్రబడింది. "లేదు," అన్నాడు.

"ఉంది!"

ముప్పై మందీ ఇటే చూశారు. ఆయన భయపడింది సరిగ్గా ఈ చూపులకేనని డల్సీకి తట్టింది. ఇందాక తననూ కాల్చింది ఇవే. పక్కనున్న పెట్టెలోంచి రెండు గులాబీ చొక్కాలు తీసి, ఒకటి తన నూనె మరకల ఏప్రన్ మీదే తొడుక్కుంది. రెండోది ఆయన ముందు పెట్టింది.

"నేను కూడా. సముద్రం, ఇద్దరం. తాబేలు, నాకు తెలుసు."

తొకునాగ జేబులోంచి మందుల డబ్బా తీసి భార్య చేతిలో పెట్టి, లేచి చేతులు చాచాడు. డల్సీ తొడిగింది. వెనక వరసలో ఇంకొకాయన మెల్లగా చెయ్యెత్తి, తనకూ ఒకటి ఇమ్మన్నాడు.

"ఏం భాష అది?" అన్నాడు రస్. "రెండేళ్ల పిల్లలా ఆ మాటలేంటి?"

"నేను మొదలుపెట్టి అంతేగా అయింది. రెండేళ్లకి నువ్వేం మాట్లాడావో మీ అమ్మనడుగు. మైకు ఇలా ఇవ్వు."

అతను ఇవ్వలేదు. ఆమే తీసుకుంది.

పది నిమిషాల జాగ్రత్తలకు అరగంట పట్టింది. మాట దొరకనప్పుడల్లా వస్తువు పైకెత్తి, ఇదేంటని వాళ్లనే అడిగింది. తప్పు చెబితే ముందు వరస ఆడవాళ్లు నవ్వుతూ దిద్దారు. దిద్దిన ప్రతిసారీ ఇంకా గట్టిగా చెప్పింది.

అంతా అయ్యాక రస్ దగ్గరికొచ్చాడు. "రేపట్నుంచి వంటెవరు చేస్తారు మరి?" అన్నాడు. అంటే పోస్టు ఇచ్చినట్టే. అంతకన్నా మర్యాదగా ఇవ్వడం అతనికి చేతకాదు.

"నాకేం తెలుసు? నేను గైడుని," అంది డల్సీ.

తొకునాగ చెయ్యి పట్టుకుని పడవ వెనక మెట్ల మీదుగా నీళ్లలోకి దిగింది.