మునిలక్ష్మమ్మ పెట్టిన బొట్టు

బట్లహళ్ళిలో బయ్యప్ప ఇంట్లో పొద్దున ఎప్పుడూ ఒకే తీరు. శృతి రాగి అంబలి కాస్తుంది, ఆయన మజ్జిగ కలుపుకుని తాగి టమాటా తోట వైపు పోతాడు, ఆమె బస్సెక్కి చింతామణిలో సైన్సు పాఠాలు చెప్పడానికి పోతుంది. ఆయన పెండ్లాము, శృతి తల్లి మునిలక్ష్మమ్మ కార్తీకంలో పోయింది. జ్వరమని పడుకుని నాలుగో నాడు లేవలేదు. ఇంటి నిండా ఆమె పెట్టిన బొట్లు మాత్రం మిగిలాయి.

ఆయుధపూజకు బొట్లు అందరూ పెడతారు. మునిలక్ష్మమ్మ బొట్టు పెట్టిన వస్తువు మాత్రం చెడిపోయేది కాదు. "అక్కా, మా ట్రాక్టరుకు కూడా ఒకటి పెట్టిపో" అని ఊరోళ్ళు వారం ముందే చెప్పి పెట్టుకునేవాళ్ళు. ఆ బొట్టు నీళ్ళకు పోదు, ఎండకు పోదు, గుడ్డతో గట్టిగా రుద్దితేనే పోతుంది. పోయినా వస్తువు అప్పటికప్పుడు ఆగదు, పట్టిన పని ముగించి మర్యాదగా ఆగుతుంది. ఆమె పోయిన నెలలోనే శృతి ఏదో ధ్యాసలో మిక్సీని తుడిచేసింది. పాపం, అది చట్నీ మెత్తగా రుబ్బి ఇచ్చి నిలిచిపోయింది. రిపేరీ చేసే నాగరాజ్ మూతైనా విప్పలేదు. "బొట్టు తుడిచినారా? అయితే ఇంగేమీ లేదమ్మా, ఎత్తుకోని పో" అన్నాడు.

బయ్యప్ప ఎడమ రొమ్ము మీద కూడా ఒక బొట్టుంది. గుండెకు బ్యాటరీ మిషను పెట్టించుకుని వచ్చిన ఏడు, "ఇదీ మిషనే గదా" అని మునిలక్ష్మమ్మ చొక్కా విప్పించి, పంపుసెట్టు తరవాత ఆయనకూ పెట్టింది. ఆయన సిగ్గుతో ముడుచుకుపోయాడు. పోయినేడు చూపించుకుంటే డాక్టరు, బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది, ఈ వయసులో మళ్ళీ కోస్తే తట్టుకోలేరన్నాడు. బొట్టు చూసి, "అది తుడవద్దండి" అని పంపించేశాడు.

సంక్రాంతి దాటాక శృతికి బెంగళూరు నుంచి కబురొచ్చింది. ఒక స్కూల్లో పిల్లలకు నక్షత్రాలు చూపించే ఉద్యోగం. చుక్కల నడుమ మబ్బులా వెలిగే నెబ్యులా ఫోటో, సొంతంగా తీసింది ఒకటి ఇరవైయైదో తేదీ లోపల పంపాలి. ఆమె దగ్గర పాత టెలిస్కోపు, దానికి తగిలించే చిన్న కెమెరా ఉన్నాయి. అంతకుముందు తీసిన గురుడూ శనీ చిన్నవి, ల్యాప్‌టాప్ తెరలో ఒక మూలన సరిపోయాయి. గొల్లకావడి, అదే ఓరియన్, ఆ చుక్కల కింది నెబ్యులాకు తెరంతా కావాలి. ఆ తెర నడుమ నల్లటి గుండ్రటి మచ్చ.

నాలుగు సాయంకాలాలు ఆ మచ్చకే పోయాయి. వైరు మార్చింది. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించింది. టెలిస్కోపు అద్దం తుడిచింది. కెమెరాను ఎటు తిప్పినా మచ్చ తెరలో ఉన్నచోటే ఉంది, అంటే తప్పు కెమెరాలోనే. గొట్టం విప్పి టార్చి వేసి చూస్తే లోపలి అద్దం మీద ఆవగింజంత కుంకుమ. శృతి మెట్ల మీద కూలబడి ఏడ్చింది.

"ఏమాయె పాపా?" అని బయ్యప్ప వచ్చాడు.

"అమ్మ దీనికీ పెట్టుండాదప్పా. అగ్గిపుల్లతో పెట్టినట్టుండాది, సరిగ్గా అద్దం మీదనే."

"అదే దాని మొగమనుకోనుంటాది. తుడిచెయ్యి."

"తుడిస్తే నిలిచిపోతాది గదా."

"పట్టిన పని ముగించే గదా నిలిచేది? నీకు కావాల్సింది ఒక్క ఫోటోనే గదా. తుడువు."

ఆమె మెత్తని తెల్లగుడ్డతో తుడిచింది. గుడ్డ మీద ఎర్రటి చుక్క పడింది.

ఏడు గంటలకు మిద్దె మీద పని మొదలైంది. ఆ టెలిస్కోపుకు మోటారు లేదు, చుక్క జరిగిన కొద్దీ పిడిని చేత్తో మెల్లగా తిప్పాలి. బయ్యప్ప కంబళి కప్పుకుని తిప్పాడు. పది సెకన్లకొక ఫోటో. వాటిని ఒకదాని మీద ఒకటి పేరిస్తే బొమ్మ తేటపడుతుంది. చెంబు నీళ్ళలో కుంకుమ కలిసినట్టు నెబ్యులా తెర మీదికి వచ్చింది. మచ్చ లేదు. అరవై అయ్యాక చాలనుకుని, టెలిస్కోపు తుడిచి పెట్టడానికి శృతి గుడ్డ అందుకుంది. దాని మీద రెండు ఎర్ర గుర్తులున్నాయి. రెండోది రూపాయి బిళ్ళంత.

కంబళి లాగి చూసింది. ఆయన రొమ్ము ఖాళీగా ఉంది.

"ఏం పని చేసినావప్పా!"

"బెంగళూరు వద్దని మూడుసార్లంటివి. ఎవురి కోసరమో నాకు తెలీదా? అందుకే పిడి పట్టుకోని, ఆమీట తుడుచుకుంటి. ఫోటో ముగిస్తే నా పనీ ముగిస్తాది. నొప్పేమీ ఉండదులే. నువ్వు పో పాపా." ఆయన చెయ్యి ఇంకా పిడి మీదే ఉంది. "ముగిసిందా?"

శృతికి ముందు కోపమొచ్చింది, తరవాత భయమేసింది. బొమ్మ తెర మీద నిండుగా ఉంది, పంపడమే తరువాయి.

"యాడ ముగిసింది?" అంది. "అరవైకేమవుతాది? ఇంగా వందలు కావాల. రేపు కూడా తియ్యాల."

ఇరవైయైదో తేదీ వచ్చింది, పోయింది. ఆమె పంపలేదు. ఆ పొద్దు స్కూలు వెనక నిలబడి ఉద్యోగం కోసం కూడా ఏడ్చింది, అబద్ధమెందుకు. వేసవిలో గొల్లకావడి పడమట మునిగితే, "దసరా తరవాత మళ్ళీ వస్తాది, పిడికి నూనె పెట్టి పెట్టుకో" అంది. ఫోటో ఎంతవరకు వచ్చిందని ఊళ్ళో అడగడం మానేశారు.

మళ్ళీ చలికాలం వచ్చేసరికి పేర్చినవి నాలుగు వేలు దాటాయి. బయ్యప్ప చేతులు సన్నబడ్డాయి. ఒకనాడు తెర ముందు వంగి చాలాసేపు చూశాడు.

"ఇంగేం కావాల పాపా దీనికి?"

శృతి తెర నడుమ వేలు పెట్టి చూపించింది.

"నడుమ కొంచెం మసకగా ఉండాదప్పా."

ఆయన కండ్లద్దాలు సర్దుకుని మళ్ళీ చూశాడు. అక్కడ ఏ మసకా లేదు. కూతురి మొహం చూశాడు.

"అవునవును," అన్నాడు. "ఉండాది." అని పోయి పిడి పట్టుకున్నాడు.