చంద్రకాంతమ్మ గిన్నె

1981 వేసవి సెలవుల మొదటి రోజు పొద్దున్నే, నాగరత్నమ్మ పెట్టిన ఆఖరి ఊరగాయ జాడీ పగిలిపోయింది. పందికొక్కు పని అది. పక్కింటి సుబ్బులమ్మ పెరట్లోంచి గోడ కిందుగా తవ్వుకుంటూ వచ్చి, వంటింటి మూల బండను గుల్ల చేసింది. బండ ఒరిగింది, జాడీ దొర్లింది. పరంధామయ్య చీపురు అందుకున్నాడు. పెంకులు ఏరడం తేలికే. మిగతాది ఎత్తడానికే చెయ్యి రాలేదు.

ఆయన చిత్తూరు హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టరు. భార్య నాగరత్నమ్మ కిందటి శ్రావణంలో చనిపోయింది. చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా కొత్త ఊరగాయ పెట్టరు. అందుకని ఉన్న జాడీనే పూటకొక ముక్కతో సరిపెట్టుకుంటూ వచ్చాడు. ఇప్పుడు ఆ ముక్క కూడా లేదు.

సాయంత్రానికల్లా సంగతి వీధంతా తెలిసింది. అయ్యవారి ఇంట్లో ఊరగాయ లేదట అనగానే గిన్నెలు బయలుదేరాయి. ఒకరు చింతకాయ తొక్కు, ఒకరు నిమ్మకాయ, ఒకరు గోంగూర. తినడానికి ఇబ్బంది లేదు, తిప్పి పంపడానికే ఇబ్బంది. ఒకరింటి గిన్నెను ఉత్తగా తిప్పి పంపకూడదు, ఏదో ఒకటి వేసి పంపాలి. నాగరత్నమ్మ ఉన్నప్పుడు ఆ సంగతి ఆమె చూసుకునేది. పిడికెడు చక్కెర వేసి పంపితే చేతులు దులుపుకున్నట్టు ఉంటుందని పరంధామయ్యకు అనిపించింది. ఆయన ఇంట్లో దండిగా ఉన్నవి మాటలే. సరే, మాటలే పెట్టి పంపుదామనుకున్నాడు.

ఇంగ్లీషువాళ్ళు మన దిక్కు నుంచి పట్టుకుపోయిన మాటలు ఏరి, ఒక్కో గిన్నెలో ఒక్కో చీటీ పెట్టాడు. రాజారత్నం ఇంటికి ‘కర్రీ’ వెళ్ళింది. తమిళంలోని కరి నుంచి పుట్టిందని కింద వివరంగా రాశాడు. చుట్టల బంకు నడిపే వరదయ్య ఇంటికి ‘చెరూట్’, అంటే చుట్ట, తమిళ చురుట్టు నుంచి. వరదయ్య ఆ చీటీని తీసుకుపోయి చుట్టల డబ్బాకు అంటించుకున్నాడు.

అన్నిటికన్నా గొప్ప మాటను సుబ్బులమ్మకు దాచిపెట్టాడు. తమిళం గుమ్మం తొక్కకుండా నేరుగా తెలుగులోంచి ఇంగ్లీషులోకి ఎక్కిన మాట అది. ‘బ్యాండికూట్’. పందికొక్కు నుంచి.

మర్నాడు పొద్దున గోడ మీదుగా సుబ్బులమ్మ తల కనిపించింది.

“అయ్యోరా, గిన్నెడు ఉసిరికాయ పంపితే పందికొక్కు అని రాసి పంపుతారా?”

“అది మర్యాదే సుబ్బులమ్మా. మన తెలుగు మాట ఇంగ్లీషు సీమ దాకా పోయింది.”

“పోతే పోనీండి. మా ఇంటికే ఎందుకు పంపినారు? రాజారత్నం పెండ్లానికి కూర, నాకు పందికొక్కా? మా పెరట్లోంచి వచ్చిందనేగదా?”

వెనక నుంచి ఆమె మొగుడు దేవరాజులు అందుకున్నాడు. “ఊరుకోవే. మనింట్లో ఇంగ్లీషు చదివింది అదొక్కటే. ఇంక దానికి బోను పెడితే బాగుండదు.”

అది తాను కావాలని చేసింది కాదని పరంధామయ్య వీధిలో కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. నిజానికి ఆయనకూ పూర్తి నమ్మకం లేదు. నాగరత్నమ్మ ఉంటే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి ఉండేది.

గిన్నెలన్నీ వెళ్ళిపోయాక అలమరలో ఒకటి మిగిలింది. స్టీలు గిన్నె, అంచు మీద చంద్రకాంతమ్మ అని పేరు చెక్కి ఉంది. ఆమెదీ నాగరత్నమ్మదీ ఒకే ఊరు, తమిళనాడులోని పళ్ళిపట్టు దిక్కున. చంద్రకాంతమ్మ నాగరత్నమ్మను అక్కా అని పిలిచేది కాబట్టి పరంధామయ్య బావ అయ్యాడు. కిందటి ఏడాది తిరుమల నుంచి వచ్చి ఆ గిన్నెలో ప్రసాదం పెట్టి ఇచ్చింది. మాంగా బాగా ఊరనీ, నిండుగా వేసి పంపుతాను అన్నది నాగరత్నమ్మ. పంపకముందే పోయింది. ఆ తర్వాత ఇద్దాం, ఇద్దాం అనుకుంటూనే పరంధామయ్య జాడీలోది తగ్గించలేకపోయాడు.

నాగరత్నమ్మ మామిడికాయను ఎప్పుడూ మాంగా అనే అనేది. ఆయన దిద్దేవాడు. “మీ ఇంగ్లీషోళ్ళు ఏమంటారు?” అని ఆమె అడిగేది. మ్యాంగో అని చెప్పేవాడు. “సూడు, నా మాటే గదా,” అనేది. ఏదో కలిసిందిలే అని ఆయన కొట్టిపారేసేవాడు. ఆమె మాటే నిజమని పెళ్ళయిన కొత్తల్లోనే ఆయన నిఘంటువులో చూశాడు. తమిళంలో మాంగాయ్, మలయాళంలో మాంగ. పోర్చుగీసువాళ్ళు ఓడెక్కించారు, ఇంగ్లీషువాళ్ళు దించుకున్నారు. ఒప్పుకుంటే అన్నం దగ్గర ఆ పోట్లాట ఉండదు. అందుకే ఒప్పుకోలేదు.

చంద్రకాంతమ్మ ఆ సాయంత్రమే వచ్చి గడప మీద కూర్చుంది.

“అందరి గిన్నెలూ పోయినాయంట. నాదేది బావా?”

“నీకింకా చీటీ రాయలేదు.”

“ఏం రాస్తావో నాకు తెలుసు. మాంగా. అక్క ఉండంగా ఒప్పుకోనోడివి, ఇప్పుడు కాగితం మీద ఒప్పుకుంటావా?”

పరంధామయ్య గొంతు సవరించుకుని పాఠంలోకి దిగాడు. “ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉండాది. ఆ కాలంలో మన కాయలు సీమకు చేరేలోగా చెడిపోతాయని ఊరబెట్టి పంపేవాళ్ళు. వాళ్ళు చూసింది ఊరగాయనే. అందుకని దోసకాయను ఊరబెట్టినా మ్యాంగో అన్నారు. ఊరబెట్టడాన్ని మ్యాంగో చెయ్యడం అన్నారు.”

“పచ్చికాయ మొగం సూడనోళ్ళా నీకు సదువు చెప్పింది?” చంద్రకాంతమ్మ కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. “అయితే నాకు కాగితం వద్దు. అక్క ఇస్తానన్నది ఊరగాయ. నువ్వు మ్యాంగో చెయ్యి.”

“నాకు చేతకాదు.”

“ఇన్నేండ్లు తిన్నోడివి, ఉప్పుకారం తెలీదా? ఈడ కూర్చోని నేను చెప్తా. చెయ్యి మాత్రం నీదే పడాల.”

“ఏడాది తిరగలేదు గదా.”

ఆమె నవ్వు ఆగింది. వేళ్ళ మీద నెలలు లెక్క వేసుకుంది. “శ్రావణం దాటేసరికి పచ్చికాయ యాడుంటాది? అన్నీ పండ్లే. వచ్చే ఎండాకాలం దాకా నీకాడే ఉండనీ. ఉత్త గిన్నె నేను పట్టుకోను, కాగితం గిన్నె అసలే పట్టుకోను.”

లేచి చెప్పులు వేసుకుంటూ మళ్ళీ తిరిగి చూసింది. “ఒప్పుకునేదానికి మాత్రం ఎండాకాలం రావాల్సిన పనిలేదు బావా.”

ఆమె వెళ్ళాక పరంధామయ్య కన్నంలో కంకరరాళ్ళు కూరి బండను సరిచేశాడు. జాడీ ఉండిన చోట గిన్నెను బోర్లించాడు. చీటీ కోసం కత్తిరించిన తెల్లకాగితం బల్ల మీద అలాగే ఉంది.

చంద్రకాంతమ్మ గిన్నె ఇంకా తిరిగి వెళ్ళలేదు. నాగరత్నమ్మ మాటే నిజమని పరంధామయ్య ఇంకా పైకి అనలేదు.