సగం చుట్టిన ఈగ

పుంగనూరు బస్సులో దిలీప్ ఒళ్లో, గాలాన్ని కదలకుండా పట్టి ఉంచే చిన్న ఇనుప వైసును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. వైసు బిగించి పట్టిన గాలానికి కోడి ఈక సగం దాకా చుట్టి ఉంది. చివర వేలాడే దారపు కండె ఊగితే చుట్టు సడలిపోతుందని దాన్ని చిటికెన వేలితో ఆపి ఉంచాడు.

"ఏం సారూ, అంత జాగర్తగా పట్టుకోనుండారు, బంగారమా?" అన్నాడు పక్క సీటాయన.

"ఈగప్పా. చేపల్ని మోసం చేసే ఈగ."

"ఈగనా! మా ఇంటికి రాండి, గంపతో ఇస్తా!"

దిలీప్ నవ్వాడు. భార్య చంద్రిక పోయాక ఇలా ముక్కూమొహం తెలియనివాళ్లే అతన్ని నవ్విస్తున్నారు. తెలిసినవాళ్లు అతన్ని చూడగానే గొంతు తగ్గిస్తారు.

పుంగనూరులో ఈగలు కట్టించే సఫియా షెడ్డు నుంచి ఇవి చల్లని దేశాలకు పోతాయి. అక్కడి వాగుల్లో ట్రౌట్ అనే చేప నీటి అడుగున రాళ్ల సందుల్లో తిరిగే పురుగు పిల్లల్ని తింటుంది. గాలం ఆ పిల్ల మాదిరి కనబడాలి, అడుగు దాకా మునగాలి. అందుకని గాలానికి ఇత్తడి పూస ఎక్కించి, సీసం తీగ చుట్టి, దానిమీద దారం, ఆపైన ఈక చుడతారు. మదనపల్లెలో పట్టు మగ్గాల ఇంట్లో పుట్టిన చంద్రిక చెప్పినట్టు దారం వినేది. ఇంట్లోనే బల్ల వేసుకుని ఆ షెడ్డుకు ఈగలు కట్టి పంపేది. దిలీప్ కాలేజీలో బాటనీ పాఠాలు చెప్పి ఇంటికొచ్చేసరికి ఆమె బల్ల సర్దేసి ఉండేది. ఒక్క చివరిసారే సర్దలేదు. ఆ మధ్యాహ్నం ఆస్పత్రికి పోయిన మనిషి మళ్లీ ఇల్లు చూడలేదు. ఈగ అలాగే ఉండిపోయింది. బల్ల మీద దుమ్ము తుడిచినప్పుడు కూడా దిలీప్ దాని జోలికి పోలేదు.

ఇప్పుడు కొత్తామె పనికి వచ్చింది, షెడ్డు వైసు తిరిగి కావాలని సఫియా ఫోన్ చేసింది. ముడి పడకుండా దారం తెంపితే చుట్టంతా విచ్చుకుపోతుంది. ఆ ముడి దిలీప్‌కు రాదు. సఫియా చేత ఈగను పూర్తి చేయించి, దాన్ని ఇంటికి తెచ్చుకోవాలి. అతనికి కావలసింది అంతే.

షెడ్డులో ఒక బల్ల ఖాళీగా ఉంది. రామకుప్పం నుంచి వచ్చిన మునీశ్వరి దాని పక్కనే టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. సఫియా తలమీద కొంగు సర్దుకుంటూ లేచింది.

"రా నాయనా, కూసో. తిన్యావా?"

"తిన్నానక్కా. దీన్ని ముగించి ఇయ్యి. నాకు కావల్ల."

ఆమె వైసును బల్లకు బిగించి, కళ్లజోడు దించి, గోటితో చుట్టును నొక్కింది. లోపల సీసం కదిలింది.

"ఇది నిలబడదప్పా. లోపల వదులుగా ఉండాది. పైన ఎంత కట్టినా తిరుగుతానే ఉంటాది."

"చంద్రిక చుట్టిందక్కా అది."

"అవును. మందులకు వేళ్లు మొద్దుబారిపాయ గదా, పాపం."

దిలీప్ ఆమె ముఖంలోకి చూశాడు. కాఫీ గ్లాసు జారిపోయినప్పుడు 'కాల్తాండాది' అన్న చంద్రిక గుర్తొచ్చింది. పూలు కట్టడం మానేసి, 'మంచి పూలు రాల్యా' అన్నదీ గుర్తొచ్చింది.

"నీకు తెలీదా?" సఫియా గొంతు మారింది. "కడాకు ఆమె పంపినవన్నీ నేనే విప్పి కట్టినా. 'నావి తిరిగొచ్చినాయాక్కా?' అని అడిగేది. 'ఒకటి గూడా రాల్యా తల్లీ' అంటాంటి. నేను విప్పుతాండానని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని నాకూ తెలుసు. ఇద్దరం ఫోన్లో నగుతాంటిమి."

"నాకు యాల సెప్పల్యా?"

"సెప్తే కట్టనిస్తాంటివా?"

కట్టనిచ్చేవాడు కాదు. వైసును అటకెక్కించి, ఆమెను మంచమ్మీద పడుకోబెట్టి, అదే ప్రేమనుకునేవాడు.

"ముగించమంటే ముగిస్తాలే," అంది సఫియా మెల్లగా. "ఇంట్లో పెట్టుకునేదానికి ఎట్లుంటే ఏమి?"

"చంద్రిక అయితే ఏం చేసుండేది?"

"విప్పేసేది. వదులు చుట్టు మీద ఈ షెడ్డులో ఎవురూ చుట్టు ఎయ్యరు."

చెడిన ఈగను బ్లేడుతో చీల్చేసి, గాలాన్ని మళ్లీ వాడుకోవడం అక్కడి పద్ధతి. ఆమె బ్లేడు అతని ముందుకు జరిపింది. దిలీప్ దాన్ని పక్కన పెట్టి కండెను వేళ్లమధ్య పట్టుకుని, వెనక్కు తిప్పడం మొదలుపెట్టాడు.

ఈక విడివడింది. దాని కింద దారం ఒకచోట చుట్టుమీద చుట్టు పడి ఉబ్బి ఉంది. ఆమె వేలు జారిన చోటు. మళ్లీ అక్కణ్ణుంచే పట్టుకుని ముందుకు పోయింది. ఆ మధ్యాహ్నం ఆమె ఒక్కతే కూర్చుని పడిన కష్టం వెనక నుంచి ముందుకు అతని చేతుల్లోకి వచ్చింది. ఎవరూ తొందరపెట్టలేదు. సఫియా పక్క బల్ల ఫ్యాను ఆపేసింది, ఈక పీచు ఎగరకుండా.

చివరికి సీసం తీగ చిన్న స్ప్రింగులా ఊడొచ్చింది. ఉంచుకోనా అని అడగబోయి, తీగముక్కల డబ్బాలో వేశాడు. వైసులో పూస ఎక్కించిన ఉత్త గాలం మిగిలింది. దిలీప్ కాసేపు దాన్ని చూసి, కళ్లు తుడుచుకుని, కుర్చీ వదిలి లేచాడు.

"కూర్చో అమ్మా."

మునీశ్వరి బెరుకుగా కూర్చుంది. "ముందు ఏం చుట్టల్లన్నా?"

సఫియా దిలీప్ వైపు చూసింది.

"సీసమమ్మా," అన్నాడు దిలీప్. "గట్టిగా చుట్టు."